పాత పుస్తకాల మాటలు – 5వ పాఠం: మళ్లీ క్వైర్ దగ్గరికే

ఈసారి కొత్త మాట మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయిన పాఠంలోని అభ్యాసానికి, అంటే నాలుగు కాగితాలు మడిచి కుట్టిన కట్టులో (క్వైర్‌లో) పుటలెన్ని అన్నదానికి, చాలామంది జవాబు 'ఎనిమిది' అని రాశారు. ఆకుకీ పుటకీ తేడా చెప్పకుండా దాటేశాను, పొరపాటు నాదే.

నాలుగు కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి. 8 ఆకులు వస్తాయి, ఆకుకు రెండు వైపులు కాబట్టి 16 పుటలు. బైండరు దారంతో కుట్టే ఈ కట్టే క్వైర్. లాటిన్ 'క్వాటెర్ని' అంటే నాలుగేసి. ఫ్రెంచివాళ్లు నోటుపుస్తకాన్ని 'కాయే' అనేదీ ఈ మాట నుంచే. తర్వాత నాలుగు అనే లెక్క సడలిపోయింది, ఐదు కాగితాల కట్టు కూడా క్వైరే. కాగితాల వ్యాపారంలో క్వైర్ అంటే పాత లెక్కన 24 కాగితాలు, అంటే మన దస్తా; ఇప్పటి ప్రామాణిక లెక్క 25. అలాంటివి 20 అయితే రీము.

ఇక నన్ను బాగా ఇబ్బంది పెట్టిన సంగతి. 'చర్చి క్వైర్ (పాటల బృందం) పుస్తకం చూసి పాడుతుంది కదా, రెండూ ఒకే మాట' అని కొందరు రాశారు. వినడానికి బాగుంది, కానీ నిజం కాదు. పాడేవాళ్ల క్వైర్ గ్రీకు 'ఖోరోస్' నుంచి, లాటిన్ 'కోరస్' మీదుగా వచ్చింది. ఇంగ్లీషులో రెండింటి పలుకూ ఒకటైపోయింది, ఒకప్పుడు స్పెల్లింగు కూడా క్యూతోనే ఒకటిగా ఉండేది. 17వ శతాబ్దం చివర్లో చర్చి మాటకు లాటిన్ పోలిక రావాలని సి-హెచ్-ఓ-ఐ-ఆర్ అని మార్చారు. రాత మారింది, నోరు మారలేదు. మన చర్చిల్లో పిల్లలు దాన్ని 'చోయిర్' అని చదివితే కోప్పడకండి, అక్షరాలు చెప్పేది అదే మరి. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన గ్రంథంలో పాత స్పెల్లింగే కనిపిస్తుంది.

చర్చిలో గాయకులు కూర్చునే చోటుకీ ఇదే పేరు. అందుకే నేను డిక్షనరీ తీయకముందే పక్క మాటలు చూస్తాను: అంకె, దారం, మడత ఉంటే పుస్తకం; పాట, బల్లలు, స్తంభాలు ఉంటే చర్చి.

అభ్యాసం: కట్టు విప్పితే కాగితం ఒకే వైపున ఉండే రెండు పుటల అంకెల మొత్తం ఎప్పుడూ ఒకటే. 16 పుటల కట్టులో అది 17, అంటే 1 పక్కన 16, 2 పక్కన 15. ఇప్పుడు ఐదు కాగితాల కట్టు మీరే కుట్టి, 7, 8 పుటలున్న ఆకును మడత దగ్గర చించేయండి. ఏ పుటలున్న ఆకు వదులై ఊడుతుందో ముందే రాసిపెట్టుకుని, తర్వాత లాగి చూడండి.