గంజి చల్లారాకే అయోడిన్ వేయండి

పిల్లలకు పిండిపదార్థం, ప్రోటీన్, కొవ్వు పరీక్షలు చూపించాలంటే మన కోనసీమ వంటింట్లో సరుకు రెడీగా ఉంటుంది.

గంజి ఒక చెంచా, నీళ్లు పది చెంచాలు కలిపి, బాగా చల్లారాక రెండు చుక్కల టించర్ అయోడిన్ వేయండి. నీలి నలుపు వస్తుంది. చాలామంది పొగలు కక్కే గంజిలో వేసి రంగు రాలేదంటారు. పిండిలో ఉండే అమైలోజ్ అనే పొడవాటి అణువుల గొలుసు స్ప్రింగులా మెలికలు తిరిగి, ఆ మెలికల్లో అయోడిన్ ఇరుక్కుంటేనే ఆ రంగు. వేడికి ఆ పట్టు సడలిపోతుంది. నిమ్మరసం అంటిన గిన్నె కూడా వద్దు, విటమిన్ సి అయోడిన్ రంగును పోగొట్టేస్తుంది.

ప్రోటీన్ పరీక్ష మాత్రం ల్యాబ్‌లో, మాస్టారి ఎదుటే చేయాలి. అందులో వాడే సోడియం హైడ్రాక్సైడ్ చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది. పదింతల నీళ్లు కలిపిన తెల్లసొన 2 మి.లీ., 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 2 మి.లీ. కలిపి ఊపి, 1 శాతం కాపర్ సల్ఫేట్ ఒక్కో చుక్కా వేయండి. రెండు మూడు చుక్కలకే ఊదా రంగు తేలుతుంది. చెయ్యి జారి ఎక్కువ పడితే కాపర్ నీలం ఆ ఊదాను కప్పేస్తుంది, ప్రోటీన్ లేదనుకుంటారు.

కొవ్వుకి ఎండు కొబ్బరి ముక్కను తెల్ల కాగితం మీద గట్టిగా రుద్ది, కాగితాన్ని ఆరనిచ్చి వెలుతురుకి ఎత్తి చూడండి. తడి మరక ఆరిపోతుంది, నూనె మరక పోదు. పచ్చి కొబ్బరైతే ఇంకాసేపు ఆగాలి.

ఆత్రేయపురం నేతి పూతరేకు దొరికితే మరీ మంచిది: అదే ముక్క కాగితం మీద నెయ్యి మరక వేస్తుంది, అయోడిన్ చుక్కకి నల్లబడుతుంది. పరీక్షించిన ముక్క తినకూడదు.