చీమకుర్తి నుంచి దుబాయ్‌కి: అక్కడ కంపెనీ పెట్టాక వచ్చే చిక్కులు, వాటికి విరుగుడు

మా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ సముద్రాలు దాటడం ఈనాటిది కాదు. పలకలు పంపడంతో ఆగకుండా అక్కడే యార్డు తెరవాలన్న ఆలోచన మాత్రం ఈమధ్య బాగా పెరిగింది. యూఏఈలో 2021 జూన్ నుంచి చాలా వ్యాపారాలకు స్థానిక భాగస్వామి అవసరం లేదు, నూరు శాతం వాటా మనమే ఉంచుకోవచ్చు. ఒంగోలులో నేను ఎగుమతి సంస్థల లెక్కలు చూస్తాను. అక్కడ ఇరుక్కున్నాక ఫైళ్లు పట్టుకొని వచ్చేవాళ్లు చెప్పే బాధలు చాలావరకు ఒకేలా ఉంటాయి. పనివాడు మనూరివాడేగా అని కాగితం దగ్గర అశ్రద్ధ చేసి ఉంటారు. కింద రాసినవి మెయిన్‌ల్యాండ్ లైసెన్సు (ఫ్రీజోన్ బయట, దేశం లోపల వ్యాపారానికి ఇచ్చేది) ఉన్నవాళ్లకు. ఫ్రీజోన్‌లో, అంటే సొంత నియమాలున్న ప్రత్యేక వ్యాపార ప్రాంతంలో, కొన్ని పద్ధతులు వేరు.

"జీతాలు ఠంచనుగా ఇస్తున్నాం, అయినా కొత్త పర్మిట్లు ఆపేశారు"

ఒక యజమాని ఫోన్ తీసి బ్యాంకు మెసేజ్‌లు వరసగా చూపించారు. ప్రతి నెలా ఐదో తేదీకల్లా పనివాళ్ల భార్యల ఖాతాల్లో, ఇక్కడే, రూపాయల్లో జీతం పడింది. ఒక్క నెల కూడా తప్పలేదు. కానీ అక్కడి కార్మిక శాఖ దృష్టిలో ఆయన జీతాలు ఎగ్గొట్టినట్టే లెక్క.

కారణం: యూఏఈలో 2009 నుంచి వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ ఉంది, అంటే జీతాల చెల్లింపును ప్రభుత్వం గమనించే బ్యాంకు దారి. ఆ దారిలో వెళ్లిన జీతమే ప్రభుత్వానికి కనిపిస్తుంది. చేతికిచ్చిన నగదు, ఇంటికి వేసిన రూపాయలు అందులోకి రావు.

ఏం చేయాలి: ఈ నెల నుంచే దిర్హమ్‌లలో ఆ సిస్టమ్ ద్వారా జీతం వేయండి. ఇంటికి పంపుకోవడం పనివాడి ఇష్టం. పాత నెలలకు బ్యాంకు రుజువులు, పనివాళ్ల సంతకాలు పట్టుకొని నేరుగా శాఖ దగ్గరకు వెళ్లండి. ఇంకో సంగతి. అక్కడి కంపెనీ జీతాలు ఇక్కడి కంపెనీ ఖాతాలోంచి ఇస్తే, రేపు మన ఆడిటర్ దగ్గర కూడా జవాబు చెప్పుకోవాలి.

"నాలుగేళ్లు బాగా చేశాడు, పోయేటప్పుడు గొడవ పెట్టాడు"

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఒకే వీధి వాళ్లు, పెళ్లిళ్లకు పిలుచుకునేవాళ్లు మాటలు మానేస్తారు.

ఇక్కడ బయల్దేరేటప్పుడు "నెలకు 2,500 దిర్హమ్‌లు" అని ఒక్క అంకె చెబుతారు. ఆఫర్ లెటర్‌లో మాత్రం బేసిక్ 1,500, మిగతాది గదికి, తిండికి అలవెన్స్. అక్కడ గ్రాట్యుటీ (పని మానేసేటప్పుడు ఇచ్చే డబ్బు) కట్టేది బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపై ఏడాదికి 30 రోజులది. నాలుగేళ్లంటే 84 రోజులు. రోజుకు 50 చొప్పున 4,200 దిర్హమ్‌లు. పనివాడు మాత్రం 2,500 మీద లెక్కేసుకొని 7,000 వస్తాయనుకుంటాడు. అతనిది అత్యాశ కాదు, అతనికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. కొందరు యజమానులదేమో ఇంకో పొరపాటు. ఐదేళ్లు నిండలేదుగా, ఏమీ ఇవ్వక్కర్లేదంటారు. అక్కడ ఏడాది నిండితే చాలు.

ఏం చేయాలి: విమానం ఎక్కకముందే ఆఫర్ లెటర్‌ను తెలుగులో చదివి వినిపించండి. బేసిక్ ఎంత, అలవెన్స్ ఎంత, గ్రాట్యుటీ ఎలా వస్తుంది, మూడూ విడివిడిగా చెప్పండి. వీలైతే ఇంట్లోవాళ్ల ముందే చెప్పండి. వీసా, పర్మిట్ ఖర్చులు జీతంలోంచి కోయకూడదు, అవి యజమానివే. పని మానేసిన 14 రోజుల్లోపు బాకీలన్నీ తీర్చాలి. తగాదా 50,000 దిర్హమ్‌ల లోపుదైతే కార్మిక శాఖే తేల్చేస్తుంది.

"విజిట్ వీసా మీద తీసుకెళ్లాం, ఇప్పుడు తనిఖీ వచ్చింది"

దీనికి సర్దుబాటు దారి లేదు. పర్మిట్ లేకుండా పని చేయించిన యజమానికి 2024 సవరణ ప్రకారం లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా పడవచ్చు. ఆ పని ఈరోజే ఆపి, పర్మిట్ వచ్చాకే యార్డులో అడుగు పెట్టించండి. పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (విదేశానికి పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలన్న గుర్తు) ఉంటుంది. వాళ్లు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్ అనుమతితో వెళితేనే ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. విజిట్ వీసా మీద వెళ్లినవాడి చేయి పలక కింద నలిగితే ఆ ఇంటిని ఆదుకునే కాగితం ఒక్కటీ ఉండదు.

ఇదే తనిఖీలో బయటపడే ఇంకో తప్పు, పాస్‌పోర్ట్‌లు. ఒక యార్డు ఆఫీసులో బల్ల సొరుగు లాగితే రబ్బరు బ్యాండు చుట్టిన పదకొండు పాస్‌పోర్ట్‌లు కనిపించాయి. "పోగొట్టుకుంటారని దాచాం" అన్నారు. మంచి మనసుతో దాచినా చట్టం ఒప్పుకోదు. ఎవరిది వాళ్లకు ఇచ్చేయండి. అంత భయమైతే తలా ఒక చిన్న లాకర్ కొనిచ్చి, తాళంచెవి వాళ్ల చేతికే ఇవ్వండి.

"మధ్యాహ్నం కంటైనర్ దించుతుంటే ఫైన్ వేశారు"

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని నిషేధం. జరిమానా మనిషికి 5,000 దిర్హమ్‌లు. రోహిణి కార్తెలో క్వారీ పక్కన నిలబడ్డవాళ్లకు ఈ నియమం ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. కంటైనర్ తెల్లవారుజామున వచ్చేలా మాట్లాడుకోండి.

"ఒంగోలు బ్యాంకు రెండో విడత డబ్బు పంపనంటోంది"

మొదటి విడతను ఫెమా (మన విదేశీ మారక చట్టం) కింద విదేశీ పెట్టుబడిగా చూపి బ్యాంకుకు ఫారం ఎఫ్‌సీ ఇచ్చారా, ఆ పెట్టుబడికి గుర్తింపు సంఖ్య (యూఐఎన్) వచ్చిందా, ముందు అది చూడండి. లేదా ఏటా డిసెంబర్ 31 లోపు ఇవ్వాల్సిన వార్షిక నివేదిక మరిచిపోయి ఉంటారు. ఆలస్య రుసుము కట్టి పాతవి దాఖలు చేస్తే దారి తెరుచుకుంటుంది. అక్కడి కార్పొరేట్ ట్యాక్స్ 3,75,000 దిర్హమ్‌ల లాభం దాటాక 9 శాతం. లాభం లేకపోయినా రిజిస్ట్రేషన్ తప్పదు. గడువు దాటితే జరిమానా 10,000 దిర్హమ్‌లు. లైసెన్సు కాపీ చేతికి అందిన రోజే ఆ రిజిస్ట్రేషన్ గడువు తేదీని క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.