రెక్కలు పరిచిన పిట్ట: ఎండ కాగుతోందా, వడదెబ్బ తగిలిందా?

మిద్దె మీద గోరింక ఒకటి రెక్కలూ తోకా పరిచి, మెడ ఒక పక్కకు వాల్చి, నోరు తెరిచి పడి ఉంటుంది. చూసినవాళ్లు అయ్యో అని చెంబెడు నీళ్లు తెచ్చి దాని మీద కుమ్మరిస్తారు. అది బెదిరి ఎగిరిపోతుంది. దానికి ఏ జబ్బూ లేదు, తీరిగ్గా ఎండ కాగుతోంది, అంతే. అదే రోజు మధ్యాహ్నం వేపచెట్టు నీడలో ఒక కాకి ఈకలు ఒంటికి అదుముకుని, రెక్కలు కాస్త ఎడంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతూ కూర్చుంటుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. వేడికి తాళలేక అవస్థ పడుతున్నది నిజానికి అదే.

తేడా పట్టడానికి ముందుగా చూడవలసింది ఈకలు. ఎండ కాగే పిట్ట తల మీద, మెడ మీద, నడుము మీద ఈకలు విడివిడిగా లేపుతుంది. సందుల్లోంచి చర్మం కనబడేంతగా లేపడమూ ఉంది. ఉడికిపోతున్న పిట్ట అలా చేయదు. ఈకల మధ్య గాలి పొర తగ్గితే ఒంటి వేడి బయటికి పోతుంది కాబట్టి అది ఈకలు అణుచుకుని బక్కగా కనిపిస్తుంది. తర్వాత రెక్కలు. ఎండ కాగేటప్పుడు రెక్క విసనకర్రలా విచ్చుకుంటుంది, పెద్ద ఈకలు దేనికది విడిపోతాయి, తోక కూడా అలాగే పరుచుకుంటుంది. వేడికి తాళలేనప్పుడు రెక్క ముడిచే ఉంటుంది, ఒంటికి తగలకుండా ఎడంగా మాత్రం పెడుతుంది. రెక్క కింద ఈకలు పలచన. అక్కడ గాలి ఆడాలని దాని ప్రయత్నం.

మూడోది, ఎక్కడ కూర్చుంది, ఎటు తిరిగింది. ఎండ కాగే పిట్ట సూటి ఎండలో ఉంటుంది, వీపో ఒక పక్కో సూర్యుడి వైపు పెడుతుంది. ఉడికిపోతున్నది నీడ వెతుక్కుంటుంది. నాలుగోది, ఎంతసేపు. మండుటెండలోనైతే ఎండ కాగడం కొద్ది నిమిషాల పని. ఆ తర్వాత లేచి నీడకు పోయి ముక్కుతో ఈకలు దువ్వుకుంటుంది, ఒక్కోసారి మళ్లీ ఎండకు వస్తుంది. ఈ దువ్వుకోవడం కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు.

నోరు తెరవడాన్ని మాత్రం గుర్తుగా పెట్టుకోకండి. అది రెండింటిలోనూ ఉంటుంది. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

ఇంకా సందేహంగా ఉంటే నెమ్మదిగా నడిచి ఐదారు మీటర్ల దూరం దాకా వెళ్లండి. ఎండ కాగే పిట్ట మత్తులో ఉన్నట్టు కనిపించినా చటుక్కున లేచిపోతుంది. కదలకపోతే, లేదా లేచి పక్కకు ఒరిగిపోతే, అప్పుడు కంగారు పడాలి. రెండు రెక్కల్లో ఎప్పుడూ ఒకటే వేలాడుతుంటే అది దెబ్బ, లేదా గాలిపటం దారం చుట్టుకుని ఉంటుంది. గూడు దిగిన పిల్ల రెక్కలు వణికిస్తూ అరుస్తుంటే అది ఆకలి, తల్లి దగ్గర్లోనే ఉంటుంది, ముట్టుకోకండి. చీమల పుట్ట మీద కాకో గోరింకో రెక్కలు పరిచి పొర్లుతుంటే దాని సంగతి వేరు. చీమలు చిమ్మే ఆమ్లాన్ని ఈకలకు పట్టించుకుంటోంది.

ఇంత ఎండలో ఎండ కాగడం ఎందుకు?

చలికాలం పొద్దున అయితే జవాబు తేలిక. పిట్ట ఒంటి వేడి 40, 41 డిగ్రీల దగ్గర నిలబడాలి. రాత్రంతా చలిలో దాన్ని కాపాడుకోవడానికి తిన్నదంతా కరిగిపోతుంది, కాబట్టి పొద్దున్నే ఎండలో ఉచితంగా దొరికే వేడిని వదులుకోదు. జనవరిలో అనంతపురం వైపు కంచెల మీద జెముడుకాకిని చూడండి. పొద పైకెక్కి, ఇటుకరంగు రెక్కలు రెండూ పరిచి, వీపు తూర్పుకు పెట్టి కూర్చుంటుంది. మామూలుగా పొదల్లో నక్కి తిరిగే పిట్ట అది. బయటపడి కనిపించేది ఎక్కువగా ఈ సమయంలోనే.

మే నెల మధ్యాహ్నం కాగడానికి చలి కారణం కాదు. అక్కడ పని చేసేది ఈకపేలు. ఇవి ఈకల్ని కొరికి తినే పురుగులు, పెద్ద ఈకల నూగు సందుల్లో దాక్కుంటాయి, ముక్కుతో తీయడం కష్టం. ఈక బాగా వేడెక్కితే కొన్ని చస్తాయి, కొన్ని నీడ కోసం పరుగెత్తి ముక్కుకు దొరుకుతాయి. ఎండ కాగిన వెంటనే దువ్వుకోవడం అందుకే. అమెరికాలో ఒక రకం వానకోవెలల మీద 1993లో అచ్చయిన ప్రయోగం ఒకటి ఉంది. పురుగుల్ని చంపే మందు పట్టించిన పిట్టలు, పట్టించని వాటికంటే తక్కువగా ఎండ కాగాయి. పేలు లేకపోతే అంత అవసరం లేదన్నమాట.

ఇంకో లాభం ఈక ఆకారం. ఎక్కువసేపు గాలిలో తేలే పెద్ద పక్షుల రెక్కల ఈకలు గాలి తోపుకు పైకి వంగిపోతాయి. ఎండ వేడికి అవి త్వరగా తిన్నబడతాయి, నీడలో చాలా ఆలస్యమవుతుంది. రాబందులు కొండ అంచున రెక్కలు చాచి నిలబడటానికి ఇదొక కారణం. రాయలసీమలో ఇప్పుడు రాబందు కనబడటమే అరుదు, గద్దల్లో వెతుక్కోవాలి. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి ముక్కుతో తీసుకుని పూసుకునే నూనె కూడా వేడికి పలచబడి ఈకంతా పరుచుకుంటుంది. విటమిన్ డి కోసమే కాగుతాయని తేల్చి చెప్పేవాళ్లున్నారు, అన్ని పిట్టలకూ ఆ మాట అంటగట్టకపోవడం మంచిది. కోళ్లలో మాత్రం ఆ విటమిన్‌కు ముడిసరుకు ఈకల్లేని కాళ్ల చర్మంలోనే ఎక్కువ.

నీటికాకి కథ వేరు

సుంకేసుల బ్యారేజీ, మైలవరం జలాశయం, సింగనమల చెరువు, ఎక్కడైనా సరే, నీళ్లలో నిలిచిన ఎండు మోడు మీద నల్లగా రెక్కలు చాచి నిలబడేది నీటికాకి. దానికి నూనె గ్రంథి లేదని, అందుకే తడుస్తుందని ఒక మాట చలామణిలో ఉంది. అది తప్పు. గ్రంథి ఉంది. ఈక కట్టుబడే అలాంటిది: బయటి భాగం నీటిని పీలుస్తుంది, ఒంటిని అంటి ఉన్న భాగం పొడిగా ఉంటుంది. తడిసిన ఈకల్లో గాలి తగ్గడం వల్ల మునగడం సులువు. పైకి వచ్చాక ఆరబెట్టుకోక తప్పదు. ఇది ఆరబోత, ఎండ కాగడం కాదు. కనిపెట్టడం ఎలాగంటే, ఈకల నుంచి నీళ్లు కారుతుంటాయి, మధ్యమధ్య రెక్కలు విదిలిస్తుంది, వేటకు దిగి వచ్చాకే చాస్తుంది.

దాని పక్కనే పొడుగాటి పాములాంటి మెడతో ఇంకొకటి కనబడితే అది పాముమెడ పిట్ట. దీని ఈకలు పూర్తిగా తడుస్తాయి, ఒంటి వేడి త్వరగా పోతుంది. అందుకని ఈ కుటుంబం పక్షులు ఒళ్లు ఆరి ఉన్నా సరే, చల్లటి పొద్దున వీపు ఎండకు పెట్టి రెక్కలు చాస్తాయి. ఆరబోతా కాగడమూ రెండూ ఒకే భంగిమలో జరిగే చోటు ఇది. తొందరపడి తేల్చకుండా, అది నీళ్లలోంచి ఎప్పుడు వచ్చిందో చూసి రాసుకోండి.

ఇక వీరాపురం. పాత అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఊరు. అక్కడి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. సైబీరియా కొంగలని పిలుస్తారు గానీ ఇవి మన దేశపు పక్షులే. ఎండ ముదిరాక గూటి మీద పెద్ద కొంగ రెక్కలు సగం విప్పి కదలకుండా నిలబడితే, అది తన కోసం కాదు. కాళ్ల దగ్గర పిల్లలకు గొడుగు పడుతోంది. వీపు సూర్యుడి వైపు ఉంటుంది, నీడ గూట్లో పడుతుంది, పొద్దు జరిగేకొద్దీ కొంగ కూడా జరుగుతుంది. ఇలాంటప్పుడు చెట్టు కింద గోల చేసి కొంగను లేపితే కొద్దిసేపట్లోనే పిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. యాభై మీటర్ల దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడటమే మేలు. దాని కాళ్లు తెల్లగా కనబడితే ఆశ్చర్యపోకండి. కాళ్ల మీదే రెట్ట వేసుకుంటుంది, ఆ తడి ఆరేటప్పుడు కాళ్లలో పారే రక్తం చల్లబడుతుంది.

చూడటానికి నిలబడేటప్పుడు సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. పిట్ట కూడా వీపు అటే పెడుతుంది కాబట్టి పరిచిన రెక్క మొత్తం మీకు కనబడుతుంది. మీ నీడ మాత్రం దాని మీద పడకూడదు.

పెరట్లో చోటు ఏర్పాటు

అడుగున్నర పలకగా ఉండే కడప బండ ఒకటి చాలు. నలుపు కాబట్టి చలికాలం పొద్దున త్వరగా వేడెక్కుతుంది. తూర్పుకు కాస్త వాలుగా పెట్టండి. పొదలకు, గోడ మూలకు రెండు మీటర్లన్నా ఎడం ఉండాలి. ఎండ కాగే పిట్ట మైకంలో ఉంటుంది, పిల్లికి అంతకంటే తేలిక వేట లేదు. పక్కనే వెడల్పాటి మట్టి మూకుట్లో రెండు అంగుళాలకు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో ఒక రాయి వేయండి. స్నానం చేసి వచ్చి బండ మీద ఆరబెట్టుకుంటాయి. నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. మార్చి దాటాక ఆ నల్లబండ మధ్యాహ్నానికి కాళ్లు కాలేంత అవుతుంది. అప్పుడు బండ తీసేసి నీళ్లు నీడలోకి మార్చండి.

నాటుకోళ్లున్న ఇంట్లో బండ కంటే మట్టిగుంట ముఖ్యం. కోడి ఎండలో ఒక పక్కకు ఒరిగి, ఒక కాలూ ఒక రెక్కా చాచి పడుకుంటే చచ్చిందని భయపడతారు. అది కాగడమే, కాసేపటికి లేచి మట్టిలో పొర్లుతుంది. ఐదారు కోళ్లకు రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, అరడుగు లోతు గుంట సరిపోతుంది. జల్లెడ పట్టిన ఎర్రమట్టి మూడు తట్టలు, సన్న ఇసుక ఒక తట్ట, కట్టెల పొయ్యి బూడిద ఒక తట్ట కలపాలి. నంద్యాల వైపు దొరికే నల్లరేగడి దీనికి పనికిరాదు, తడి తగిలితే ముద్ద, ఆరితే గడ్డ. ప్లాస్టిక్ కాల్చిన బూడిద వద్దు. పైన రేకు వేయకపోతే ఒక్క వానకు బూడిద తడిసి కోళ్ల చర్మాన్ని మండిస్తుంది. ఎండిన వేపాకు నలిపి వేసేవాళ్లున్నారు, నష్టమేమీ లేదు, దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

పంజరంలో లవ్‌బర్డ్స్ పెంచేవాళ్లు పొద్దున అరగంట ఎండ చూపిస్తే చాలు. పంజరంలో సగం ఎప్పుడూ నీడలో ఉండాలి, ఎటు ఉండాలో పిట్టే తేల్చుకుంటుంది. కిటికీ అద్దం వెనక పెట్టే ఎండ వేడినిస్తుంది గానీ విటమిన్ డి తయారుచేసే కిరణాలను అద్దం ఆపేస్తుంది. రామచిలుకను పంజరంలో పెట్టడమే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

నిజంగా వడదెబ్బ అయితే

గాలి వేడి 42 దాటిందంటే అది పిట్ట ఒంటి వేడిని మించిపోయింది. రెక్కలు ఎడం పెట్టినా వేడి బయటికి పోదు, లోపలికే వస్తుంది. అప్పుడు దానికి మిగిలిన ముఖ్యమైన దారి నోటిలోంచి, గొంతులోంచి తడి ఆర్చుకోవడం. పిట్టకు చెమట పట్టదు. ఒంట్లో నీళ్లు అయిపోతే ఆ దారీ మూసుకుపోతుంది. అందుకే ఆ నెలల్లో గింజల కంటే నీళ్లు ముందు పెట్టాలి.

పడిపోయిన పిట్టను పలచటి గుడ్డతో పట్టుకుని, బెజ్జాలు చేసిన అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి ఉంచండి. పెట్టెను నీడలో, సద్దు లేని చోట పెట్టాలి. ఐసు నీళ్లు వద్దు. మామూలు నీళ్లతో కాళ్లు తడపండి, చిన్న మూతలో నీళ్లు పెట్టండి. నోట్లో నీళ్లు పోయకూడదు. నాలుక వెనకే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది, నీళ్లు అందులోకి పోతే వడదెబ్బ తప్పించుకున్న పిట్ట దానితో చస్తుంది. గంటా రెండు గంటల్లో తేరుకోకపోతే పశువైద్యుడి దగ్గరికో అటవీశాఖ వాళ్ల దగ్గరికో తీసుకెళ్లండి. ఒకే చోట చాలా పిట్టలు చచ్చి పడి ఉంటే చేత్తో తాకకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి.

తేరుకున్నదాన్ని సాయంత్రం ఎండ దిగాక, వెలుతురు ఇంకా గంటైనా ఉండగా, దొరికిన చోటే పెట్టె మూత తీసి పక్కకు జరగండి. చీకట్లో వదిలితే గూటికి దారి దొరకదు. గుడ్లగూబ అయితే మాత్రం చీకటి పడేదాకా ఆగండి, పగలు వదిలితే కాకులు చుట్టుముడతాయి.