పండక్కి తెల్లవారుజామున కారులో బయల్దేరేవాళ్లకు

పొగమంచులో ఆగి ఉన్న లారీని కారు వెనక నుంచి గుద్దిందన్న వార్త పండగ ముందు మళ్లీ పేపర్లోకి వచ్చింది. బెల్టు, మందు, నిద్ర సంగతి అందరికీ తెలిసిందే. విజయవాడ వైపు 65వ నంబరు హైవే ఎక్కేవాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది: కంటికి ఆనినంత దూరంలో ఆగలేని వేగంతో నడపడం. కొంపలు ముంచేది ఇదే.

లారీ కనిపించాక కాలు వెళ్లి బ్రేకు తొక్కేసరికి సుమారు ఒకటిన్నర సెకను. ఆలోపే కారు 60 వేగంలో 25 మీటర్లు, 100లో 42 మీటర్లు పోతుంది. బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాతే. వేగం రెట్టింపైతే బ్రేకుకు పట్టే దూరం నాలుగింతలు. మంచి టైర్లతో పొడి రోడ్డు మీద మొత్తం కలిపి 60లో 45 మీటర్లు, 80లో 69, 100లో 98. తడి రోడ్డు మీద అవే వేగాలకు 60, 96, 140 మీటర్లు. వాన పడకపోయినా, మంచు కురిసిన రోడ్డు తడిరోడ్డే.

80కీ 100కీ తేడా ఇరవయ్యేగా అంటారు. పొడి రోడ్డు మీద 80లో వచ్చిన కారు సరిగ్గా లారీ ముందు ఆగిపోయే చోట, 100లో వచ్చింది ఇంకా 72 వేగంతో ఉంటుంది. గుద్దేది దాంతోనే.

వెనక లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ డిమ్ లైట్లలో 40, 50 మీటర్ల దగ్గరికొస్తే గాని కనిపించదు. తడి రోడ్డు మీద 50 దాటారంటే, చూశాక ఆగలేరు. మళ్లీ చెబుతున్నాం: కనిపించినంత దూరంలో ఆగాలి. 60 లోపు వేగంలో ఒక చెట్టు కనిపించగానే వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు అని లెక్కపెట్టండి, ఒక్కోదానికి ఒక సెకను. వెయ్యిన్నినాలుగు పూర్తి కాకముందే చెట్టు దాటేస్తే వేగం తగ్గించండి. మెరిసే బోర్డులతో లెక్క వద్దు, అవి దూరం నుంచే కనిపిస్తాయి.

ముందు కారు ఎర్ర లైట్లు పట్టుకుని వెళ్లకండి. అది బ్రేకు వేసి ఆగితే మీకు కాస్త దూరం మిగులుతుంది, లారీని గుద్ది ఆగితే అదీ ఉండదు.

హై బీమ్ వద్దు, మంచు మీద పడి కళ్లలోకే తిరిగొస్తుంది. వేగాన్ని తనంతట తానే పట్టి ఉంచే క్రూజ్ కంట్రోల్ ఆపేయండి. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేయకండి, ఆగి ఉందో కదులుతోందో వెనకవాడికి తెలీదు. టైరు గాడి 1.6 మిల్లీమీటర్లకు అరిగితే మార్చాల్సిందే. ఐదుగురు, డిక్కీ నిండా సామాను ఉంటే డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌లో ఫుల్ లోడ్ గాలి ఎంతో చూసి పట్టించండి. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో బ్రేకు పూర్తిగా తొక్కి పట్టండి. పెడల్ దడదడలాడుతుంది, వదలకండి. కాళ్ల దగ్గర నీళ్ల సీసా పెట్టకండి, పెడల్ కిందికి దొర్లుతుంది. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బ్రేకు కొట్టకండి, ముందే తగ్గించండి. అద్దాలకు ఆవిరి పడితే ఏసీ వేయండి.

ఏమీ కనిపించకపోతే రోడ్డు పక్కన ఆపకండి. మెల్లగా బంకు దాకానో టోల్‌గేటు దాకానో పోండి. బండి చెడిపోతే ముందు అందరూ దిగి రెయిలింగ్ అవతలికి. ట్రయాంగిల్ డిక్కీకి ఆనించి కాదు, వెనక వంద మీటర్లకు తగ్గకుండా పెట్టండి.