కణ విభజన నేర్చుకుందాం – 3వ భాగం: క్రోమోజోములు లెక్కపెట్టడం

పోయిన భాగంలో ప్రథమ దశ పూర్తయింది: క్రోమోజోములు చుట్టుకుని పొట్టిగా, లావుగా అయ్యాయి, కేంద్రక త్వచం పోయింది. ఈసారి మధ్యస్థ దశ, చలన దశ. దశల పేర్లు గడగడా చెప్పేవాళ్లు కూడా ఇక్కడ లెక్క దగ్గర తడబడతారు, అందుకే ఈ భాగమంతా లెక్కకే.

క్రోమోజోములు ఎన్నో తెలియాలంటే సెంట్రోమియర్లను, అంటే ఒక్కో క్రోమోజోము మీద నొక్కినట్టుండే చోట్లను, లెక్కపెట్టండి. అంతే.

ఉల్లి వేరు కొన తీసుకుందాం. కణంలో 16 క్రోమోజోములు. డీఎన్ఏ విభజనకు ముందుండే అంతర్దశలోనే రెట్టింపైపోయింది కాబట్టి ఒక్కోదానిలో ఇప్పుడు రెండేసి క్రొమాటిడ్లు, అంటే ఒకేలాంటి రెండు ప్రతులు, ఉన్నాయి, అయినా ఆ రెండూ సెంట్రోమియర్ దగ్గర ఇంకా అతుక్కునే ఉన్నాయి. కాబట్టి మధ్యస్థ దశలో క్రొమాటిడ్లు 32, క్రోమోజోములు 16.

ఇవన్నీ కణం నడిమికి చేరతాయి, ఒక్కో జంటలో ఒక క్రొమాటిడ్‌కి ఒక ధ్రువం నుంచి, రెండోదానికి అవతలి ధ్రువం నుంచి కండె పోగులు (క్రోమోజోములను లాగే సన్నని దారాలు) తగులుకుంటాయి. మొత్తం విభజనలో నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది ఇదే: ఒక్క క్రోమోజోముకి పోగులు తగులుకోకపోయినా మామూలుగా కణం అక్కడే ఆగి దానికోసం చూస్తుంది, ఎందుకంటే తొందరపడితే ఒక పిల్లకణానికి ఒకటి ఎక్కువ, ఇంకోదానికి ఒకటి తక్కువ వెళ్లిపోవచ్చు. అన్నీ కుదిరాకే సెపరేజ్ అనే ఎంజైము, క్రొమాటిడ్లను కలిపి ఉంచిన కొహెసిన్‌ను తెంపుతుంది.

తెగిన క్షణం నుంచి చలన దశ. ఇప్పుడు ప్రతి క్రొమాటిడ్‌కీ సొంత సెంట్రోమియర్ ఉంది, అంటే అదే ఒక క్రోమోజోము. లెక్క 32కి చేరింది, డీఎన్ఏ మాత్రం రవ్వంత కూడా పెరగలేదు. విభజన ముగిశాక చెరో 16.

మైక్రోస్కోప్‌లో గుర్తుపట్టడానికి: చలన దశలో లాగుడు సెంట్రోమియర్ దగ్గర పడుతుంది, దానికి అటూ ఇటూ ఉన్న చేతులు వెనకబడతాయి, కాబట్టి వంగిన మొన ధ్రువం వైపు ఉంటుంది. మధ్యస్థ దశ ఎప్పుడూ గీతలాగే కనిపిస్తుందని మాత్రం అనుకోకండి, అది పక్కనుంచి చూసినప్పుడే. ధ్రువం వైపు నుంచి చూస్తే గుండ్రంగా పరుచుకుని ఉంటుంది, చాలామంది దాన్ని ప్రథమ దశ అనేస్తారు. అనుమానమొస్తే పక్క కణాలు చూడండి.

ఇవి నోట్‌బుక్‌లో బొమ్మలు గీసి చేయండి. ఎలుక కణంలో 40 క్రోమోజోములు: మధ్యస్థ దశలో క్రొమాటిడ్లెన్ని, చలన దశలో క్రోమోజోములెన్ని? ఇంకో కణం చలన దశలో ఉంది, ఒక్కో ధ్రువం వైపు 4 చొప్పున వెళ్తున్నాయి; విభజన మొదలైనప్పుడు అందులో ఎన్ని ఉండాలి? చివరిది కాస్త ఆలోచించాల్సింది: కాల్చిసిన్ కండె పోగులు ఏర్పడనివ్వదు, మరి ఆ మందు పడిన కణం ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు? జవాబులు 4వ భాగంలో, అంత్య దశతో పాటు.