కరపత్రంలో ‘మనం’ అంటే ఎవరో ముందు వెతకండి

నా దగ్గర పదో తరగతి చదివిన అబ్బాయి ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. తపాలా పెట్టెలో ఎవరో వేసి వెళ్లిన కరపత్రాన్ని ఫొటో తీసి, ఫోనులోనే తెలుగు చేసుకుని నాకు పంపాడు. ‘‘సార్, ఇది నాజీల పార్టీ అంటున్నారు. ఇందులో ఆ మాటే లేదు. పింఛన్లు, ఇంటి అద్దెలు, బడులు... అన్ని పార్టీలూ రాసేదే కదా?’’ అని అడిగాడు. హన్మకొండలో ముప్ఫై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. హిట్లర్ చావుతో పాఠం ముగించేవాణ్ని, ఆ తరవాతి కథ చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కరపత్రంలో ‘మన ప్రజలు’ అని ఉన్న చోటల్లా పెన్సిలుతో గీత గీయండి. ఆ మాటలోకి ఎవరెవరు వస్తారో పక్కన రాయండి. అక్కడే పుట్టి, పన్ను కట్టి, పౌరసత్వం ఉన్న మనిషి కూడా రక్తం వేరు కాబట్టి పరాయివాడే అని తేలితే, మిగతా హామీలు చదవనక్కరలేదు. జర్మనీలో 1964లో పుట్టిన ఎన్‌పీడీ అనే తీవ్ర జాతీయవాద పార్టీ సిద్ధాంతం సరిగ్గా ఇదే. 2017 జనవరిలో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఈ వాదన మానవ గౌరవానికి విరుద్ధమనీ, నాజీ సిద్ధాంతానికి దగ్గరి చుట్టమనీ తేల్చింది. ఆ పార్టీకి అనుకున్నది సాధించే బలం లేదు కాబట్టి నిషేధించలేదు. 2023లో ఆ పార్టీ ‘డీ హైమాట్’ అని పేరు మార్చుకుంది. స్వస్థలం అని అర్థం. ఎంత చల్లని మాటో చూడండి! 2024లో అదే కోర్టు దానికి ఆరేళ్లపాటు ప్రభుత్వ నిధులు ఆపింది.

తరవాత, రెండో ప్రపంచ యుద్ధం గురించి ఆ పార్టీ ఏమంటుందో చూడండి. 2004లో ఇదే పార్టీ 9.2 శాతం ఓట్లతో సాక్సనీ శాసనసభలో అడుగుపెట్టింది. డ్రెస్డెన్ ఆ రాష్ట్ర రాజధాని. 2005 జనవరిలో నాజీల బాధితుల కోసం సభ మౌనం పాటిస్తుంటే వీళ్లు లేచి వెళ్లిపోయారు. అదే రోజు, ఆ యుద్ధంలో డ్రెస్డెన్ మీద జరిగిన బాంబుదాడిని యూదుల మారణహోమంతో సమానం చేసి మాట్లాడారు.

సేవను చూసి కరిగిపోకండి. గ్రీసులో గోల్డెన్ డాన్ అనే నయా నాజీ పార్టీ ఏథెన్స్‌లో ఉచితంగా సరుకులు పంచేది. గ్రీకువాళ్లమని గుర్తింపు కార్డు చూపితేనే సంచి చేతికి వచ్చేది. ఇక్కడ మా హన్మకొండలో 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు, పులిహోర పొట్లాలు తెచ్చిన కుర్రాళ్లు మమ్మల్ని పేరు కూడా అడగలేదు. ఆ ఏడాది అక్టోబరులోనే గోల్డెన్ డాన్‌ను నేరస్తుల ముఠాగా గ్రీసు కోర్టు తేల్చింది.

గోడల మీద, చొక్కాల మీద 88 కనిపిస్తే గుర్తుంచుకోండి. లాటిన్ అక్షరాల్లో హెచ్ ఎనిమిదోది. రెండు హెచ్‌లు అంటే ‘హైల్ హిట్లర్’, హిట్లర్‌కు జేజేలు. ఇక మన గడప మీద పసుపుతో దిద్దే స్వస్తిక్ వేరు, నాజీలు ఏటవాలుగా వేసుకున్న గుర్తు వేరు. అయినా నాజీ గుర్తుల ప్రదర్శన జర్మనీలో నేరం. మన గుర్తును పూజగదిలో ఉంచుకోండి, సైకిలు మీదో వీధి తలుపు మీదో అంటించకండి.

కరపత్రాన్ని గ్రూపుల్లో తిప్పకండి, వాళ్లకు ఆ ప్రచారం ఊరికే ఎందుకు? పంచడానికి వచ్చినవాళ్లతో గుమ్మంలో వాదన వద్దు. బెదిరింపు అనిపిస్తే అక్కడి పోలీసు నంబరు 110.

డ్రెస్డెన్ అబ్బాయి పదకొండు గీతలు గీసి మళ్లీ ఫొటో పంపాడు. వాటిలో ఒక్క చోట కూడా తనకు చోటు లేదు. పై అంతస్తులో, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన టర్కీ అన్నదమ్ములకూ లేదు.