లాప్‌టాప్‌లో స్క్రీన్‌షాట్ రావట్లేదా? ముందు అది ఎక్కడ దాక్కుందో చూడండి

గుంటూరు బ్రాడీపేటలో ఏ జిరాక్స్ షాపు ముందు కాసేపు నిలబడ్డా ఈ తంతు కనిపిస్తుంది. ఎవరో వాట్సాప్‌లో ఫొటో పంపి ప్రింటు తీయమంటారు, తెరిచి చూస్తే అది లాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్‌తో తీసిన ఫొటో. వంకరగా ఉంటుంది, మీద చారలు, ఒక మూల ట్యూబ్‌లైటు, ఇంకో మూల తీసినాయన బనీను. "స్క్రీన్‌షాట్ తీయొచ్చు కదండీ" అంటే "తీశానండీ, రాలేదు" అంటారు. ఈ "రాలేదు" అన్నవాటిలో చాలా భాగం నిజానికి వచ్చినవే. కంప్యూటర్ తీసేసి ఎక్కడో పెట్టింది, ఎక్కడ పెట్టిందో చెప్పలేదు, అంతే. అందుకని కీబోర్డు పోయిందని తేల్చేసుకుని బెజవాడ వెళ్లి ఏలూరు రోడ్డులో సర్వీసు షాపు వెతుక్కునే ముందు కింద ఉన్నవాటిలో మీ బాధ ఏదో చూసుకోండి. ఎక్కువమంది దగ్గర ఉండేది విండోసే కాబట్టి దాంతో మొదలుపెడతా, మ్యాక్ సంగతి చివర్లో.

"నొక్కాను, ఏమీ అవ్వలేదు"

అన్నింటికన్నా ఎక్కువగా వినిపించే మాట ఇదే. ప్రింట్ స్క్రీన్ కీ నొక్కారు, చప్పుడు లేదు, మెసేజ్ లేదు, డెస్క్‌టాప్ మీద కొత్త ఫైలు లేదు. ఉండదు కూడా. ఆ కీ ఒక్కదాన్నే నొక్కితే అది చేసేది స్క్రీన్ మొత్తాన్ని క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసినవి పేస్ట్ చేసేదాకా ఉండే తాత్కాలిక చోటులోకి, కాపీ చేయడం వరకే, ఫైలు తయారు చేయదు, కాబట్టి మీరు డౌన్‌లోడ్స్ అంతా గాలించినా దొరకదు. పెయింట్ తెరిచి కంట్రోల్ + వి కొట్టండి. బొమ్మ పడిందా, అయితే కీ భేషుగ్గా ఉంది, సేవ్ చేసుకుని పని కానివ్వండి. వర్డ్‌లోనో, మెయిల్‌లోనో, వాట్సాప్ వెబ్‌లో చాట్ బాక్సులోనో నేరుగా పేస్ట్ చేసినా పడుతుంది, పెయింట్ తప్పనిసరి ఏమీ కాదు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. క్లిప్‌బోర్డు అంటే ఒకే కుర్చీ ఉన్న సెలూన్ లాంటిది, కొత్తవాడు కూర్చోవాలంటే పాతవాడు లేవాల్సిందే. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పిల్లలు పేజీ తర్వాత పేజీ ప్రింట్ స్క్రీన్ కొట్టుకుంటూ పోతారు, అన్నీ భద్రంగా ఉన్నాయనుకుని చివర్లో పేస్ట్ చేస్తే ఆఖరి పేజీ ఒక్కటే వస్తుంది, ఇక ఇంట్లో టెన్షన్. విండోస్ కీ + వి నొక్కితే క్లిప్‌బోర్డు హిస్టరీ తెరుచుకుంటుంది, మొదటిసారి ఆన్ చేయమని అడుగుతుంది, ఆన్ చేస్తే అప్పట్నుంచి కాపీ చేసినవి 25 దాకా గుర్తుపెట్టుకుంటుంది. ఆన్ చేయకముందు పోయినవి మాత్రం పోయినట్టే. రీస్టార్ట్ చేస్తే పిన్ చేసినవి తప్ప మిగతావన్నీ చెరిగిపోతాయి, కాబట్టి దాన్ని కూడా బీరువాలా నమ్ముకోకండి.

నన్నడిగితే వరసగా చాలా పేజీలు తీయాల్సినప్పుడు విండోస్ కీ + ప్రింట్ స్క్రీన్ ఒక్కటే వాడండి. స్క్రీన్ ఓ క్షణం మసకబారి మళ్లీ మామూలవుతుంది, పిక్చర్స్ ఫోల్డర్‌లో స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డర్ లోపల నంబరుతో సహా ఫైలు పడిపోతుంది. పేస్ట్ గొడవే లేదు.

పేస్ట్ చేసినా ఏమీ పడలేదంటే అప్పుడు ఎఫ్ఎన్ కీ మీద అనుమానపడాలి. లాప్‌టాప్‌లో చోటు చాలక ప్రింట్ స్క్రీన్‌ని ఇంకో కీతో కలిపేస్తారు, ఒకే బటన్ మీద రెండు పేర్లుంటాయి. అది చిన్న అక్షరాల్లోనో వేరే రంగులోనో రాసి ఉంటే ఎఫ్ఎన్ పట్టుకుని నొక్కాలి. కొన్ని మోడల్స్‌లో ఎఫ్ఎన్ + ఎస్కేప్ నొక్కితే ఎఫ్ఎన్ లాక్ పడుతుంది, ఇంట్లో పిల్లలు తెలియక నొక్కేస్తే నిన్నటిదాకా పనిచేసిన కీ ఇవాళ ఇంకేదో చేస్తుంది. మళ్లీ అవే రెండూ నొక్కి చూడండి. అసలు ఆ కీయే లేని లాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి, వాటిలో ఎఫ్ఎన్ + విండోస్ + స్పేస్ ప్రయత్నించండి.

"కీ నొక్కితే స్క్రీన్ మసకైపోయి పైన ఏదో పట్టీ వస్తోంది"

వైరస్ కాదు, భయపడకండి. విండోస్ 11లో 2023లో వచ్చిన అప్‌డేట్ల నుంచి ప్రింట్ స్క్రీన్ కీ నొక్కితే స్నిప్పింగ్ టూల్ (విండోస్‌తోనే వచ్చే స్క్రీన్‌షాట్ యాప్) తెరుచుకునేలా మార్చారు. ఆ పట్టీలో కావాల్సిన ఆకారం ఎంచుకుని, మౌస్‌తో గీసుకుంటే అంతవరకే వస్తుంది. మంచి మార్పే, కాకపోతే ఎన్నో ఏళ్లుగా చేతికి అలవాటైన కీ ఒక్కసారిగా వేరే పని చేస్తే చిరాకే. పాత పద్ధతే కావాలంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, దాంట్లో కీబోర్డ్, అక్కడ ప్రింట్ స్క్రీన్ కీతో స్క్రీన్ క్యాప్చర్ తెరవాలా అని ఉండే స్విచ్ ఆపేయండి. విండోస్ 10లో ఇదే స్విచ్ ఈజ్ ఆఫ్ యాక్సెస్ కింద ఉంటుంది. ఆపినా మారకపోతే డ్రాప్‌బాక్స్, షేర్ఎక్స్, గ్రీన్‌షాట్ లాంటివి ఏవైనా ఇన్‌స్టాల్ అయి ఉన్నాయేమో చూడండి, అవి ఆ కీని తమ కోసం పట్టేసుకుంటాయి.

"విండోస్ + ప్రింట్ స్క్రీన్ నొక్కితే మసకబారింది, కానీ ఫోల్డర్‌లో ఫైలు లేదు"

వన్‌డ్రైవ్, అంటే ఫైళ్లని ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ వాళ్ల సేవ. పదిలో తొమ్మిదిసార్లు అదే అని చెప్పేస్తా. కొత్త లాప్‌టాప్ సెటప్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోతాం కదా, ఆ ఊపులో పిక్చర్స్ ఫోల్డర్ బ్యాకప్‌కి ఒప్పేసుకుని ఉంటారు. దాంతో మీ సి డ్రైవ్‌లోని పాత పిక్చర్స్ ఖాళీగా కనిపిస్తుంది, అసలు ఫైళ్లు వన్‌డ్రైవ్ లోపలి పిక్చర్స్‌లో, మళ్లీ స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డర్‌లోనే ఉంటాయి. ఇలా ఉండటం ఇష్టం లేకపోతే కింద కుడివైపు మేఘం గుర్తు మీద నొక్కి, వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో సింక్ అండ్ బ్యాకప్ కింద మేనేజ్ బ్యాకప్ తెరిచి పిక్చర్స్ స్విచ్ ఆపండి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, అది నిండితే సింక్ ఆగిపోతుంది, అప్పుడు ఇంట్లో లాప్‌టాప్‌లో తీసింది ఆఫీసులో తెరిస్తే కనిపించదు.

ఆట ఆడుతూ విండోస్ + ఆల్ట్ + ప్రింట్ స్క్రీన్ నొక్కితే మాత్రం అది గేమ్ బార్ పని, ఫైలు వీడియోస్ ఫోల్డర్‌లో క్యాప్చర్స్‌లోకి వెళ్తుంది. ఫొటో వీడియోస్‌లో ఎందుకు పెడతారో నన్నడక్కండి.

"విండోస్ + షిఫ్ట్ + ఎస్ నొక్కి గీశాను, మాయమైంది"

ముందు కంట్రోల్ + వి కొట్టండి, క్లిప్‌బోర్డులో ఉంటుంది. మామూలుగా తీసిన వెంటనే మూలన చిన్న నోటిఫికేషన్ వస్తుంది, దాని మీద నొక్కితేనే ఎడిట్ చేసే విండో తెరుచుకుంటుంది. మీటింగ్ కోసం డూ నాట్ డిస్టర్బ్ పెట్టి మర్చిపోతే ఆ నోటిఫికేషన్ రాదు, మనం పనిచేయలేదనుకుంటాం. విండోస్ 11లో స్నిప్పింగ్ టూల్ సెట్టింగ్స్‌లో స్క్రీన్‌షాట్లు దానంతటదే సేవ్ చేసే స్విచ్ ఉంది, ఆన్ చేసి పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

పట్టీయే రాకపోతే సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్, స్నిప్పింగ్ టూల్ పక్కన మూడు చుక్కలు, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ ముందు రిపేర్, దాంతో కాకపోతే రీసెట్. అప్‌డేట్లు ఆపేసి నడిపే పాత విండోస్ 11 మెషీన్ అయితే ఇంకో అవకాశం కూడా ఉంది. 2021 అక్టోబర్ 31న మైక్రోసాఫ్ట్ వాళ్ల డిజిటల్ సర్టిఫికెట్ ఒకటి గడువు తీరిపోయి, మర్నాటి నుంచి చాలామందికి స్నిప్పింగ్ టూల్ తెరుచుకోవడం మానేసింది. తర్వాత అప్‌డేట్‌తో సరిచేశారు. అప్‌డేట్ పెట్టని మెషీన్‌కి ఆ జబ్బు అలాగే ఉండిపోవచ్చు, విండోస్ అప్‌డేట్ నడపడమే మందు.

"నల్లగా వస్తోంది"

ఓటీటీలో సినిమా సీను తీయబోతే నల్లగా రావడం లోపం కాదు, కాపీ రక్షణ ఉన్న వీడియోని క్యాప్చర్ చేయనివ్వరు. దానికి పరిష్కారం నా దగ్గర లేదు, వెతకను కూడా. ఆన్‌లైన్ పరీక్ష సాఫ్ట్‌వేర్ కూడా అంతే, అది కావాలనే ఆపుతుంది. మామూలు క్లాసు వీడియోలో కూడా నల్లగా వస్తుంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి, బ్రౌజర్ మూసి తెరిచి చూడండి.

"మెనూ తెరిచి కీ నొక్కేలోపు మూసుకుపోతోంది", "పేజీ సగమే వస్తోంది"

మొదటిదానికి స్నిప్పింగ్ టూల్‌లో గడియారం గుర్తు ఉంటుంది, 3, 5, 10 సెకన్లు ఆలస్యం పెట్టుకోవచ్చు. ఆ వ్యవధిలో మెనూ తెరిచి చేతులు కట్టుకుని కూర్చోండి.

రెండోదానికి, స్క్రీన్ మీద కనిపించేదే స్క్రీన్‌షాట్‌లో వస్తుంది, కిందికి స్క్రోల్ చేస్తే తప్ప కనిపించనిది రాదు. ఎడ్జ్‌లో కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్ కొట్టి ఫుల్ పేజీ ఎంచుకోండి, ఫైర్‌ఫాక్స్‌లో రైట్ క్లిక్ చేస్తే టేక్ స్క్రీన్‌షాట్ ఉంటుంది. ఫీజు రసీదు లాంటివైతే కంట్రోల్ + పి కొట్టి పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోవడం ఇంకా మేలు, అందులోంచి ట్రాన్సాక్షన్ నంబరు కాపీ చేసుకోవచ్చు, బొమ్మలోంచి చూసి టైపు చేస్తే ఒక అంకె అటూ ఇటూ అవుతుంది. స్క్రీన్‌షాటే తీయాల్సి వస్తే కింద గడియారం, పైన సైటు అడ్రసు రెండూ పడేలా స్క్రీన్ మొత్తం తీయండి. రేపు కాలేజీ ఆఫీసులో "ఎప్పుడు కట్టావమ్మా" అంటే చూపించడానికి తేదీ ఉంటుంది.

"అప్‌లోడ్ చేస్తే సైటు తీసుకోవట్లేదు"

దీని దగ్గరే జనం ఎక్కువ సమయం పోగొట్టుకుంటారు. విండోస్‌లో స్క్రీన్‌షాట్లు పీఎన్‌జీ రకంలో సేవ్ అవుతాయి, అక్షరాలు స్పష్టంగా ఉంటాయి గానీ రంగులూ ఫొటోలూ ఉన్న పేజీ అయితే సైజు ఎంబీల్లోకి పోతుంది. దరఖాస్తు సైట్లేమో జేపీజీ మాత్రమే, ఇన్ని కేబీల లోపే అంటాయి. చాలామంది చేసే పని ఫైలు పేరు చివర పీఎన్‌జీ తీసేసి జేపీజీ అని రాయడం. పేరు మారుతుంది, లోపల ఫైలు మారదు, కొన్ని సైట్లు తీసుకున్నట్టే తీసుకుని తర్వాత తిప్పికొడతాయి. పెయింట్‌లో తెరిచి సేవ్ యాజ్‌లో జేపీఈజీ ఎంచుకోండి, చాలావరకు అక్కడే సైజు దిగుతుంది. ఇంకా ఎక్కువుంటే పెయింట్‌లోనే కంట్రోల్ + డబ్ల్యూ నొక్కి 60 శాతమో 50 శాతమో చేయండి. దానికంటే ముందు అక్కర్లేని భాగం క్రాప్ చేయడం తెలివైన పని, ఎందుకంటే బొమ్మ మొత్తాన్ని కుదిస్తే అక్షరాలు కూడా కుదించుకుపోయి అవతలివాళ్లు చదవలేరు.

ఇంచుమించు ఇలాంటిదే వాట్సాప్ మసక. ఫొటోగా పంపితే అది బొమ్మని కుదించేస్తుంది, మార్కుల మెమోలో అంకెలు అలికినట్టవుతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

"నంబరు కొట్టేసి పంపాను, అయినా కనిపిస్తోందట"

ఆధార్ నంబరో, ఖాతా నంబరో దాచడానికి స్నిప్పింగ్ టూల్‌లో హైలైటర్ తీసుకుని పది గీతలు గీస్తారు. హైలైటర్ పారదర్శకంగా ఉండేది, ఫోన్‌లో బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ పెంచితే కింద అంకెలు బయటపడొచ్చు. పెయింట్‌లో నిండుగా నలుపు రంగు నింపిన పెట్టె గీసి సేవ్ చేయండి. క్రాప్ చేసిన పాత ఫైళ్ల గురించి కూడా ఒక మాట: 2023 మార్చిలో విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ, విండోస్ 10 స్నిప్ అండ్ స్కెచ్‌లోనూ ఒక లోపం బయటపడింది. తీసిన బొమ్మని క్రాప్ చేసి అదే ఫైలు మీద సేవ్ చేస్తే కత్తిరించిన భాగం కొంత ఫైలు లోపల మిగిలిపోయేది. సరిచేశారు, కానీ అంతకుముందు కత్తిరించిన ఫైళ్లు వాటంతట అవి శుభ్రపడవు. బ్యాంకు వివరాలున్న అప్పటి ఫైలు ఎవరికైనా పంపాల్సి వస్తే అది పంపకుండా కొత్తగా తీసి పంపండి.

మ్యాక్ ఉన్నవాళ్లకి

కమాండ్ + షిఫ్ట్ + 3 మొత్తం స్క్రీన్, 4 అయితే గీసుకున్నంత, 5 అయితే పట్టీ. 4 తర్వాత స్పేస్ కొడితే ఒక్క విండో. ఫైలు డెస్క్‌టాప్ మీద పడుతుంది, కానీ వెంటనే కాదు, మూలన చిన్న బొమ్మ కొన్ని సెకన్లు తేలుతుంది, అది వెళ్లాకే ఫైలు కనిపిస్తుంది, కంగారుపడి మళ్లీ మళ్లీ తీయకండి. డెస్క్‌టాప్ మీద లేదంటే 5 పట్టీలో ఆప్షన్స్ తెరిచి ఏ ఫోల్డర్‌కి టిక్ ఉందో చూడండి. కంట్రోల్ కూడా కలిపి నొక్కి ఉంటే ఫైలే ఉండదు, క్లిప్‌బోర్డుకి వెళ్తుంది. బయటి యాప్‌తో తీస్తే విండోలేవీ లేకుండా ఒట్టి వాల్‌పేపర్ ఒక్కటే వస్తోందా, అది అనుమతి సమస్య: సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద స్క్రీన్ రికార్డింగ్ జాబితాలో ఆ యాప్‌కి అనుమతి ఇచ్చి, యాప్‌ని పూర్తిగా క్విట్ చేసి మళ్లీ తెరవండి. కిటికీ మూసినంత మాత్రాన మ్యాక్‌లో యాప్ ఆగదు, కమాండ్ + క్యూ కొట్టాలి.